కార్నర్‌కి ముందు మంచినీళ్లు

గోల్‌కీపర్ కదల్లేదు. బంతి వాడి చెవి పక్కనుంచి దూసుకుపోయి వలలో పడింది. వాడు మాత్రం పెళ్లిఫొటోకి నిలబడ్డట్టు నిలబడే ఉన్నాడు.

ఒక్క ఆటలో ఇది మూడోసారి. మూడుసార్లూ కార్నర్ కిక్కే. అవతల ఆడుతున్నది సొంత బావమరిది, నాలుగు వీధుల అవతల తన ఇంట్లో కూర్చుని.

ఇవతల ఓడిపోతున్న అతను కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీస్తాడు. వెంట్రుకవాసి తేడా ఉన్నా ఒప్పుకోని మనిషి. ఈ ఆన్‌లైన్ ఫుట్‌బాల్ పిచ్చి అతని భార్యది. ‘పిచ్చుక’ అనే పేరుతో ఆడి, ర్యాంకుల పట్టికలో అరవై ఒకటో స్థానం దాకా ఎక్కింది. ఆమె ఆడుతుంటే పక్కనే కూర్చునేవాడు గానీ, ఒక్క గోల్ కూడా చూసిన పాపాన పోలేదు. సరిగ్గా అప్పుడే ఏదో పనిమీద వంటింట్లో ఉండేవాడు. మీరు లేచి వెళ్తేనే నాకు కలిసొస్తుందని ఆమె వేళాకోళం చేసేది.

ఆమె పోయి ఏడాదిన్నర. ఆడకపోతే ర్యాంకు జారిపోతుందని తెలిసి, ఆమె ఖాతాతోనే అతను పళ్లబిగువున నెట్టుకొస్తున్నాడు. ఇప్పుడు తొంభై ఎనిమిది. పట్టికలో ఉండేది వందమందే. ఇంకో రెండు ఓటములైతే ఆమె పేరు ఎక్కడా మిగలదు. కరెంటు బిల్లుతో సహా మిగతా కాగితాలన్నిట్లో తనే కొట్టేయించాడు.

సూదిలో దారం ఎక్కించడం రాని బావమరిది మూడు నెలల్లో అట్టడుగు నుంచి ముప్పైకి ఎగబాకాడు. అనుమానం అప్పుడే మొదలైంది.

ఆదివారం పొద్దున ఆ ఆట రికార్డింగు పెట్టి మెల్లగా జరిపి చూశాడు. కార్నర్‌కి ముందు తెర మూలన, ఆటగాళ్లను మార్చే జాబితా రెప్పపాటు తెరుచుకుని మూసుకుంది. ఎవరూ మారలేదు. కీపర్ మాత్రం బిగుసుకుపోయాడు. మూడుసార్లూ అంతే.

ఆట కంపెనీకి ఫిర్యాదు నింపాడు. ఇద్దరి పాత ఆటలూ తిరగేస్తారనీ, దొంగాట తేలితే పేరు శాశ్వతంగా తీసేస్తారనీ అందులో రాసి ఉంది. పంపేముందు మొహం మీదే అడుగుదామని బయలుదేరాడు.

బావమరిది చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఓడినవాడికి ఎదుటివాడెప్పుడూ దొంగేనని నవ్వాడు. ఊళ్లోవాళ్లకి చేసిపెట్టే అద్దాలు తనకూ ఒక జత చేసుకోమన్నాడు. జాబితా సంగతి ఎత్తేసరికి ఇస్త్రీపెట్టె ఆగింది.

“ఆట చేసినవాళ్లు వదిలేసిన లొసుగు బావా అది. నేను పెట్టానా?”

“ఎవరు నేర్పారు?”

“వదిలెయ్ బావా.”

“నీ బుర్రకి తట్టే పని కాదిది. ఎవరు?”

చొక్కా కమిలిన వాసన వచ్చింది.

“అక్క,” అన్నాడు బావమరిది.

పోయినవాళ్లు ఎలాగూ నోరు విప్పరని ధైర్యమా అని అడిగి, కూర్చోకుండానే వచ్చేశాడు.

ఇంటికొచ్చి ఆమె పాత రికార్డింగులు తీశాడు. ఇన్నాళ్లూ వాటి జోలికి పోలేదు. ఆమెను అరవై ఒకటికి చేర్చిన ఆట పెట్టాడు. దాంట్లో మైకు శబ్దం కూడా పడిందని అతనికి తెలీదు.

కార్నర్ వచ్చింది. ఆమె గొంతు వినిపించింది.

“ఏవండీ, కాసిని మంచినీళ్లు తెచ్చిపెడతారా?”

“తెస్తున్నా,” అంది తన గొంతే. చెప్పుల చప్పుడు దూరమైంది. తెర మూలన జాబితా తెరుచుకుని మూసుకుంది. కీపర్ బిగుసుకుపోయాడు. గోల్.

రెండో కార్నర్‌కీ ఆమెకు దాహం వేసింది.

అతను ఇంకో ఆట పెట్టాడు. తర్వాత ఇంకోటి. మధ్యాహ్నం దాకా నీళ్లు మోస్తున్న తన చెప్పుల చప్పుడు వింటూ కూర్చున్నాడు.

ఫిర్యాదు కాగితం తెర మీద అలాగే ఉంది. కింద ఒక వాక్యం చేర్చాడు: పిచ్చుక పాత ఆటలు తప్పకుండా చూడండి. పంపేశాడు.

నాలుగో రోజు పట్టికలో ముప్పైలో వేరే పేరుంది, తొంభై ఎనిమిదిలో వేరే పేరుంది. షాపులో పనిలో ఉండగా బావమరిది ఫోన్ చేశాడు.

“నా పేరంటే సరే. అక్క పేరు కూడా తీయించేశావేంటి బావా?”

“నన్ను వంటింట్లోకి పంపి మరీ చేసింది,” అని అతను ఫోన్ పెట్టేసి, అరగదీస్తున్న అద్దాన్ని వెలుతురుకెత్తి చూసుకున్నాడు.