పటం మీద చిలకరించిన నీళ్లు

పొద్దున్న తొమ్మిదింటికి ఆఫీసు తలుపు తీయగానే మేడం చేసే మొదటి పని, బల్ల మీది పటం దులపడం. కళ్లద్దాల దుకాణం పైన, రెండో అంతస్తులో ఒకే ఒక్క గది అది. ఎడారి చూడాలనుకునే వాళ్లకి, ఏ కుటుంబానికి ఆ కుటుంబానికి విడిగా, బండీ గైడూ డేరాలతో సహా ప్రయాణం కుదిర్చిపెట్టడం ఆవిడ వృత్తి. గది మధ్యలో పెద్ద బల్ల, బల్ల నిండా గుడ్డ మీద అచ్చేసిన ఎడారి పటం. అక్కడ గాలి వీస్తే ఇక్కడ పటం మీద ఇసుక పేరుకుంటుంది. మేడం మెత్తటి కుంచెతో రోడ్ల మీది ఇసుక మాత్రం తీసి డబ్బాలో పోస్తుంది. దిబ్బల జోలికి పోదు. జంతువులు తిరిగిన చోట సూదిమొనతో పొడిచినట్టు అడుగులు పడతాయి. వాటిని బట్టే ఎవరిని ఏ దారిన పంపాలో రాస్తుంది. గది ఊడ్చే ఆవిడకి మాత్రం ఒక్కటే సణుగుడు, ఎంత ఊడ్చినా కాళ్లకింద కరకరలాడుతూనే ఉంటుందని.

ఆ రోజు వచ్చినవాళ్లు కొత్తవాళ్లేం కాదు. డేరాల మాస్టారు, ఆయన కూతురు. నలభై ఏళ్లుగా ఆ ఆఫీసు డేరాలన్నీ కుట్టింది మాస్టారే. బల్ల మీది పటానికి అంచు మడిచి కుట్టిందీ ఆయనే. కానీ ఎడారి మొహం ఎన్నడూ చూడలేదు. అక్కణ్ణించి చిరుగులే ఆయన దగ్గరికి వచ్చేవి.

"చూపు చలికాలం వచ్చేదాకానే అన్నారు మేడం, డాక్టరు గారు" అంది కూతురు. "ఆ తర్వాత నాన్నకి వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియదట."

మేడం కుంచె పక్కన పెట్టి, మాస్టారికి కుర్చీ జరిపింది. తర్వాత అడిగింది, "ఏం చూడాలనుంది మాస్టారూ?"

"ఒకసారి మీ గైడు చిరిగిన డేరా తెచ్చాడు. తెల్ల జింక కొమ్ము దూసుకుపోయిందన్నాడు. చిరుగెంత? కోటు గుండీ అంత. అంచు చూస్తే కత్తెర పెట్టి కోసినట్టుంది. అంత నిటారు కొమ్ము ఎలా ఉంటుందమ్మా? ముప్ఫై ఏళ్లుగా నన్ను తొలిచేస్తోంది."

కళ్లు పోతాయంటే కొందరు సముద్రం చూడాలంటారు, కొందరు పుట్టబోయే మనవల్ని చూడాలంటారు. ఈయన ఒక చిరుగు సంగతి తేల్చుకోవాలన్నాడు. మేడం నవ్వలేదు. గైడుకి ఫోన్ చేసింది.

గైడుని అందరూ ఒంటె అంటారు. పొడుగాటి మెడ, దేనికీ తొందరపడని నడక. అతను వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. ఇద్దరూ కలిసి ప్రయాణం అల్లడం మొదలుపెట్టారు. మొదటి రోజు దిబ్బల అంచున డేరా. రెండో రోజు అభయారణ్యం. అరణ్యమన్న మాటే గానీ అక్కడి చెట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మెట్టు కిందికున్న బండి కావాలి, పెద్దాయన మోకాళ్లకి. కళ్లలో వేసుకునే చుక్కల మందుకి చల్లటి పెట్టె. వీపు ఆనించే కుర్చీ ఒకటి.

"లోపల నీటిగుంట ఒక్కటే ఉంది. జింకలు ఎక్కడ తిరిగినా సాయంత్రానికి అక్కడికి రాక తప్పదు. గుంట పక్కన కూర్చుంటే చాలు" అన్నాడు ఒంటె.

"రోజుకి ఒక్క బండినే వదులుతారు. వచ్చే గురువారం దొరికింది. అది తప్పితే మళ్లీ చలికాలం దాటాకే" అంది మేడం.

వాళ్లు మాట్లాడుకుంటుంటే మాస్టారు పటం మీదికి వంగి తన పాత కుట్టుని తడుముకుంటున్నాడు. వేళ్లకి పైమూల ఒక ముడత తగిలింది. అంతే. ఎడంచెయ్యి పక్కనున్న నీళ్ల గ్లాసులో మునిగింది, ముడత మీద నీళ్లు చిలకరించింది, కుడిచెయ్యి చదును చేసింది. ఇస్త్రీకి ముందు నలభై ఏళ్లుగా చేసిన పని. కళ్లు చూసేలోపే అయిపోయింది.

"మాస్టారూ!" అంది మేడం. ఆయన నాలుక కరుచుకున్నాడు. పటమంతా చుక్కలు చుక్కలుగా తడిసింది.

పావుగంటలో అభయారణ్యం కాపలాదారు ఫోన్ చేశాడు. "ఈ నెలలో ఇక్కడ వానేమిటండీ? నా బట్టలన్నీ తడిసిపోయాయి!"

ఒంటె తల పట్టుకుని కూర్చున్నాడు. "ఎక్కడపడితే అక్కడ నీళ్లు దొరుకుతుంటే జింకలు గుంటకెందుకు వస్తాయి?"

"నీళ్లు జల్లే ముందు ఇస్త్రీపెట్టె ఉందో లేదో చూసుకోవద్దా నాన్నా?" అంది కూతురు. వేళాకోళంగా మొదలుపెట్టిందే గానీ, మాట పూర్తయ్యేసరికి మొహం పక్కకి తిప్పుకుంది.

మర్నాటికి గుంట చుట్టూ ఒక్క అడుగూ లేదు. మేడం కింది దుకాణం నించి భూతద్దం అడిగి తెచ్చింది. మూడు రోజులు పటం అంగుళం అంగుళం గాలించింది. వాన వెలిశాక గాలి రేగి అంతటా కొత్త ఇసుక పరిచింది. దాని మీద ఏమీ కనబడలేదు.

బుధవారం మాస్టారు మళ్లీ మెట్లెక్కి వచ్చాడు. "వద్దులేమ్మా, మానేద్దాం. నా చేత్తో నేనే చెడగొట్టుకున్నాను." అంటూనే పటం మీద చెయ్యి వేశాడు. ఆ ముడత సర్దుకుందో లేదోనని ఆయన బెంగ. పైమూల వేళ్లు ఆగిపోయాయి.

"ఇక్కడింకా తడి ఉంది. గుడ్డ పల్లంగా ఉంది కదా, నీళ్లు నిలిచాయి. చుట్టూ సన్నగా, దగ్గర దగ్గరగా..." కళ్లు మూసుకున్నాడు. "జంటలు జంటలుగా. నిండుగా ఉన్నాయమ్మా."

మేడం వంగి మెల్లగా ఊదింది. పైనున్న పొడి ఇసుక లేచిపోయి, కింద అడుగులు కనబడ్డాయి.

"అది అభయారణ్యం లోపలే, కానీ అటు దారి లేదు" అన్నాడు ఒంటె.

"ఉంది. ఈ పట్టీ గట్టిగా ఉంది, బండి చక్రం దిగబడదు. డేరా గుడ్డంత గట్టిగా." మాస్టారు వేలు జరుపుకుంటూ పోయాడు. ఆ వేలి వెనకాలే మేడం పెన్సిలు నడిచింది. రెండో రోజు ప్రయాణం కొట్టేసి కొత్తది రాసింది.

గురువారం సాయంత్రం, ఏ పటంలోనూ లేని ఆ మడుగు ఒడ్డున, మాస్టారు వీపు ఆనించే కుర్చీలో కూర్చున్నాడు. ముప్ఫైకి పైగా వచ్చాయి. తెల్లగా, నిదానంగా, తలలు వంచి నీళ్లు తాగాయి. ఒకటి తలెత్తి ఆయనకేసి చూసింది. కొమ్ములు రెండూ కొలబద్ద పెట్టి గీసినట్టున్నాయి.

"చూశారా నాన్నా?" అని గుసగుసగా అడిగింది కూతురు.

"కొమ్ము మొదలు దగ్గర లావు కోటు గుండీ అంతే" అన్నాడాయన. కళ్లు తుడుచుకోలేదు, ఆ కాస్త సేపు కూడా వృథా చేసుకోవడం ఇష్టంలేక.

చలికాలం వచ్చింది, డాక్టరు చెప్పినట్టే చూపు పోయింది. కిటికీ పక్కన కుర్చీకి అతుక్కుపోతాడేమోనని కూతురు భయపడింది. ఆ భయం అక్కర్లేకపోయింది. ఇప్పుడు రోజూ తొమ్మిదింటికి ఆయన రెయిలింగు పట్టుకుని మెట్లెక్కుతాడు. ఆయన వేళ్లు పటమంతా తిరిగొచ్చేదాకా మేడం కుంచె ముట్టుకోదు, ఒంటె బండి తీయడు. నీళ్ల గ్లాసు మాత్రం గదికి ఆ చివరన ఉంటుంది.

ఒకరోజు పైమూల ఆయన వేలు ఆగింది. మళ్లీ వెనక్కి వచ్చి ఇంకోసారి తడిమింది. మొహమంతా నవ్వు పరుచుకుంది.

"పెద్ద అడుగుల పక్కన చిన్నవున్నాయి మేడం. వంకరటింకరగా, కుట్టు నేర్చుకునేవాళ్లు కుట్టినట్టు. ఇవాళ అటువైపు ఎవర్నీ పంపకండి. దాన్ని నడక నేర్చుకోనివ్వండి."