సున్నా పెట్టని గడి

మధ్యాహ్నం బ్లాస్టింగ్ కాకముందే దండెం మీది బట్టలు ఇంట్లోకి చేరిపోవాలి. గనిలో మందు పేలిందంటే ముందు క్వార్టరు నేల అదురుతుంది, వెనకే గూట్లో గిన్నెలు గలగలమంటాయి, ఆ తర్వాత ఎవరో పైనుంచి జల్లెడ పట్టినట్టు దుమ్ము దిగుతుంది. ఒక్క పావుగంట ఏమరితే పొద్దున ఉతికిందంతా మళ్ళీ ఉతకాలి. ఇన్నమ్మ ఏమరదు. మణుగూరుకు కాపురానికి వచ్చిన ఇరవై ఆరేళ్ళలో ఆమె నేర్చిన అసలు చదువు అదే. బడి చదువు పుట్టిన ఊరు వేంసూరులో ఏడో తరగతి దగ్గరే ఆగిపోయింది.

ఆ గురువారం బట్టలు చంకన వేసుకుని లోపలికి వచ్చేసరికి కూతురు స్తుతి ముందుగదిలో నేల మీద కూర్చుని, పాత క్యాలెండరు కాగితాన్ని బోర్లా పరిచి, స్కేలు పెట్టి గళ్ళు గీస్తోంది.

“ఏంది బిడ్డా అది?”

“నీ కోసమే. కూసో అమ్మా, ఇయ్యాల నీతోనే రాపిస్త.”

ఎడమపక్కన కిందికి ఐదు ఊళ్ళ పేర్లు: హైదరాబాదు, బెంగుళూరు, వైజాగు, ఖమ్మం, మణుగూరు. పైన అడ్డంగా ఉద్యోగాలు, ఇంటి కిరాయి, నేరాలు. మొదటి రెండింటి కింద గళ్ళన్నీ స్తుతే నింపేసింది. నేరాల కింద ఖాళీ. “అండ్ల మాస్టరువి నువ్వే గద, నింపు,” అని పెన్ను చేతికిచ్చింది. ఎగతాళేనని తెలుసు ఇన్నమ్మకు. ఎగతాళి కింద ఏడుపు ఉందని కూడా తెలుసు.

పిల్ల ఖమ్మంలో నర్సింగు చదివి వచ్చి ఏడాదిన్నర అయింది. ఇక్కడి ప్రైవేటు దవాఖానాలో, చదువు లేని ఆయాలకు ఇచ్చే జీతానికి పది పైసలు ఎక్కువగా, పన్నెండు గంటలు నిలబడి పనిచేస్తోంది. వైజాగులో ఒక పెద్ద ఆసుపత్రి నుంచి పిలుపు వచ్చింది. సోమవారం చేరాలి, హాస్టలు వాళ్ళదే. ఇది మూడో పిలుపు. నిరుడు వచ్చిన హైదరాబాదు పోయింది, ఎండాకాలంలో వచ్చిన బెంగుళూరు పోయింది. రెండూ ఇన్నమ్మ నోటి మీదుగానే పోయాయి.

అత్తగారింట్లో అదొక పద్ధతి. పెద్ద పని ఏదైనా మూడు రోజులు ప్రార్థనలో పెడతారు. మూడో రోజు సాయంత్రం ఇంటివాళ్ళంతా కూర్చుని ప్రార్థన ముగించాక, ఇంటి పెద్ద ఆడమనిషిని అడుగుతారు: మనసుకు నెమ్మది కలిగిందా? కలిగిందంటే దేవుడు ఒప్పుకున్నట్టు. లేదంటే ఆ పని ఆగిపోయినట్టు. ఇన్నమ్మ పుట్టింటివాళ్ళు కేథలిక్కులు, జపమాల చెప్పుకునే ఇల్లు. పెళ్ళయిన వారానికే అత్తగారివాళ్ళు తమ చర్చిలో అది చెల్లదని ఆ జపమాలను పెట్టె అడుగుకు చేర్చమన్నారు, చేర్చింది. అత్తగారు పోయాక ఈ నెమ్మది సంగతి చెప్పే పని మాత్రం ఆమెకు సంక్రమించింది. మొదట్లో ఎంత గొప్పగా అనిపించిందో. కూర ఏం తెమ్మంటావని కూడా ఎవరూ అడగని ఇంట్లో, ఇంత పెద్ద మాట తనను అడుగుతున్నారని.

గమనించడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఆ మూడు రోజులూ మొగుడు సంసోను గనిలో డంపర్ లారీ దిగి వచ్చేటప్పుడు క్యాంటీను నుంచి పేపర్లు పట్టుకొస్తాడు. మామూలు రోజుల్లో తేడు. హైదరాబాదు విషయం నడిచినప్పుడు హైదరాబాదు పేజీ, బెంగుళూరు విషయం నడిచినప్పుడు బెంగుళూరు వార్త. మడిచి, పొయ్యి గట్టు మీద, ఆమె చూపు పడేచోట పెట్టేవాడు. “చూడు ఎట్ల చేసిన్రో,” అనేవాడు, అంతే. ఆమె చదివేది. చదివిన రాత్రి అన్నం దిగేది కాదు. హాస్టలు పైకప్పుకు వేలాడే చున్నీలు, మూసిన ఆటోలు, మెట్ల కింద సంచులు కళ్ళ ముందు తిరిగేవి. మూడో రోజు ‘నెమ్మది లేదయ్యా’ అనేది. సంసోను కూతురి వైపు తిరిగి, “నాదేముంది బిడ్డా, నేను పంపుదమనే అంటున్న. మీ అమ్మకే నెమ్మది వస్తలేదు,” అనేవాడు. మంచి తండ్రి అతను. కాదనే నోరు ఆమెది.

“నీ భయానికి నా బతుకు కట్టేసినవ్ అమ్మా,” అంది స్తుతి ఎండాకాలంలో. ఆ తర్వాత నెల రోజులు తల్లితో అవసరానికే మాట్లాడింది.

ఇప్పుడు పెన్ను పట్టుకుని ఇన్నమ్మ ఒక్కొక్క గడీ నింపింది. హైదరాబాదుకు చాలా ఎక్కువ అని రాసింది. బెంగుళూరుకు ఎక్కువ. వైజాగుకు ఎక్కువ అని రాసి, పక్కనే సముద్రం అని కూడా రాసింది. “సముద్రం నేరం కాదమ్మా,” అని స్తుతి నవ్వింది. చాలా రోజులకు నవ్వింది పిల్ల. ఖమ్మానికి మధ్యస్థం. మణుగూరు గడి దగ్గరికి వచ్చి పెన్ను ఆగింది.

“సున్నా పెట్టు. మీ అందరి ముద్దుల ఊరు గద,” అంది స్తుతి.

ఇన్నమ్మ పెన్ను ఆనించింది. సున్నా చుట్టలేకపోయింది. పొయ్యి మీద పాలున్నాయని లేచి వెళ్ళింది. పొయ్యి మీద పాలు లేవు. తిరిగి చూస్తే, స్తుతి ఆ ఖాళీ గడినీ తననూ మార్చి మార్చి చూస్తోంది.

ఆ ఊరి గొప్ప ఈ వారమంతా వింటూనే ఉంది ఆమె. సంసోను అన్న డేవిడ్ రోజూ సాయంత్రం వస్తున్నాడు. ఆయన గని నుంచి రిటైరై ఏడాది కావస్తోంది, భార్య పోయి మూడేళ్ళు. ఇక కంపెనీ క్వార్టరు తాళం అప్పజెప్పక తప్పదు. కొత్తగూడెంలో కొడుకు దగ్గరికి పోవలసింది, కోడలు రానియ్యనంది. ఒక్క పూటకు కూడా రానియ్యనందట. చర్చి సంఘంలో ఆడవాళ్ళంతా ఆ పిల్లను నోటికొచ్చినట్టు అన్నారు, దేవుడిలాంటి మామను గుమ్మం ఎక్కనియ్యని మనిషి అని. ఇన్నమ్మ ఒక్కతే ఏమీ అనలేదు. చర్చిలో ముందు వరుసలో కూర్చునే పెద్ద ఆయన. ఆదివారం చందా పళ్ళెం ఆయన చేతిలో ఉంటుంది. శనివారం ఆయన మంచం ఈ ఇంటికి వస్తోంది. రెండే గదులు. ముందుగదిలో, ఇప్పుడు స్తుతి పడుకునే చోట, వేస్తారు.

ముందురోజు సాయంత్రం అన్నదమ్ములిద్దరూ చాయ్ తాగుతూ ఊళ్ళను తూకం వేశారు. హైదరాబాదులో కిరాయి కట్టడమంటే ఓనరుకు వెట్టి చెయ్యడమేనని సంసోను తేల్చాడు. “నీళ్ళకు పైసలే, బండి పెడితే పైసలే. గాలికి ఒక్కదానికే ఇంక రసీదు రాస్తలేరు.” ఖమ్మం ఒకప్పుడు బాగుండేదట, ఇప్పుడు అడుగు జాగాకు పొలం ధర చెప్తున్నారట. వైజాగు హార్బరు ఊరు, ఎక్కడెక్కడి వాళ్ళో దిగుతారన్నాడు డేవిడ్. స్తుతి ఊరుకోలేదు. “మన ఊరు మన ఊరంటరు గదా నాన్నా, రిటైరైతే తాళం ఇచ్చి పోవుడే. ఈ ఊర్ల మనకు మేకు కొట్టుకునే గోడ సుత లేదు,” అంది. సంసోను మొహం మాడ్చుకున్నాడు. డేవిడ్ మాత్రం చల్లగా నవ్వి, ఖాళీ గ్లాసు ఇన్నమ్మ వైపు చాపాడు.

“ఏమన్న అను బిడ్డా. మన మణుగూరుల ఆడపిల్ల ఒక్కతి నడిచిపోతే తలెత్తి చూసేటోడు లేడు. ఒక్క కేసు చూపియ్యి నాకు, పేపర్ల.”

ఇన్నమ్మ గ్లాసు అందుకుంది. ఆయన వేళ్ళు తగలకుండా అడుగున పట్టుకుని అందుకోవడం ఆమెకు ఇరవై ఒక్క సంవత్సరాల అలవాటు.

అప్పుడు స్తుతికి రెండేళ్ళు. సంసోను మొదటి షిఫ్టుకు పోయాడు. ఇలాగే మధ్యాహ్నం, ఇలాగే బట్టలు చంకన వేసుకుని లోపలికి వస్తే, వెనకే తలుపు దగ్గరికి వేసిన చప్పుడైంది. బావగారు. అన్నం ఉందా అన్నాడు. అన్నం కోసం రాలేదని ఆమెకు తెలిసేసరికి వంటింటి గోడకు నొక్కిపెట్టి ఉన్నాడు. నోటి మీద చెయ్యి. ఆ చేతికి జర్దా వాసన. ఎంతసేపో తెలియదు. బ్లాస్టింగ్ అయింది, గిన్నెలు మోగాయి, లోపలి గదిలో పిల్ల ఉలిక్కిపడి లేచి గుక్కపట్టి ఏడ్చింది, ఆయన చెయ్యి వదిలింది. అరుగు మీద చెప్పులు నిదానంగా తొడుక్కుని మరీ వెళ్ళాడు.

ఆ సాయంత్రం మొగుడికి చెప్పింది. సంసోను మొదట అడిగింది ఒక్కటే: “బయటెవరికన్న చెప్పినవా?” చెప్పలేదంది. “పగటిపూట సుత గడియ పెట్టుకో,” అన్నాడు. ఆ ఆదివారం నాటుకోడి తెచ్చాడు. అన్న వస్తున్నాడు, కారం కొంచెం దండిగా వెయ్యమన్నాడు. ఆమె వేసింది, వండింది, వడ్డించింది. ఆయన భోజనానికి ముందు కళ్ళు మూసుకుని ఈ ఇంటి మీద దీవెనలు కోరాడు. అదీ జరిగింది. పేపర్లో రాలేదు కాబట్టి మణుగూరు మంచి ఊరు.

ఆ తర్వాత నుంచే భయాలు. అందరూ ఇన్నమ్మకు మతిలేని భయమంటారు. పిల్లను ఒక్కదాన్నే ఇంట్లో వదిలి రేషన్ షాపుకు కూడా పోలేదు. దవాఖానాకైనా, గోదావరి స్నానాల రద్దీలో భద్రాచలం పనికైనా, చావుకైనా పెళ్ళికైనా చంకనేసుకుని తిరిగింది. పిల్ల పెద్దదయ్యాక సిగ్గుపడి విసుక్కునేది. హైదరాబాదు దుర్మార్గుడి గురించి చదివినా, బెంగుళూరు వాడి గురించి చదివినా, వాళ్ళ మొహాలు ఆమె ఎప్పుడూ చూడలేదు. కానీ చదువుతుంటే మనసులో ఒక మొహం లేచేది. అన్ని ఊళ్ళ వాళ్ళకూ ఒకటే మొహం. చందా పళ్ళెం పట్టుకుని బెంచీల మధ్య నడిచే మొహం. ఖాళీ గడి ముందు నుంచి లేచి వచ్చి, పాలు లేని పొయ్యి దగ్గర నిలబడ్డప్పుడు ఆమెకు ఆ సంగతి మొదటిసారి తేటగా తెలిసింది. ఇన్నేళ్ళూ దూరపు ఊళ్ళ వైపు చూస్తూ కాపలా కాసింది. శనివారం మంచం లోపలికే వస్తోంది.

పోనీ, ఈ పిల్లకు చెప్పేస్తే? చెప్తే ఆగదు. అరుస్తుంది, పెద్దనాన్న ముందు నిలబడి అడుగుతుంది, కాలనీ అంతా వింటుంది. సోమవారం బస్సెక్కవలసిన పిల్ల ఇక్కడే కూర్చుని తల్లికి కాపలా కాస్తుంది. వద్దు. కాపలా కాసే బతుకు ఒకరికి చాలు.

సాయంత్రం ఏడుకు ప్రార్థనకు కూర్చున్నారు. మూడో రోజు. డేవిడ్ పొడుగ్గా ప్రార్థించాడు. లోకంలో చెడుతనం పెరిగిందని, నగరాలు పాపంతో నిండాయని, ఈ ఇంటి బిడ్డను దేవుడు తన రెక్కల నీడన ఈ గూటిలోనే భద్రంగా ఉంచాలని. మొదటిసారి ఇన్నమ్మ కళ్ళు మూసుకోలేదు. మోకరించిన ఆయన అరికాళ్ళు చూస్తూ కూర్చుంది. తలలో బస్సు కదులుతోంది: బూర్గంపాడు దాటి, వంతెన ఎక్కి, భద్రాచలంలో మారి, చింతూరు అడవిలో పడి, ఘాటు మలుపుల్లో ఒక పక్క లోయ. డ్రైవరు నిద్రపోతే? హాస్టలు గేటు సరిగ్గా వెయ్యకపోతే? ఆ సముద్రం ఒకటి. నెమ్మది ఎక్కడుంది? లేదు, నెమ్మది కలగలేదు. దేవుడి ముందు కూర్చుని లేనిది ఉందని చెప్పాలి. అలా చెప్పి అక్కడికక్కడే ప్రాణం విడిచినవాళ్ళ కథ బైబిల్లో చదివింది, చిన్నప్పటి నుంచి విన్నది. ఇంకొకటి కూడా తెలుసు: పిల్ల వెళ్ళిపోయాక సంసోను మొదటి షిఫ్టు వారాల్లో, మధ్యాహ్నం పూట, ఈ రెండు గదుల్లో తనూ ఆ మనిషే.

ఆమేన్ అన్నారు. పొయ్యి గట్టు మీద సంసోను పెట్టిన వైజాగు పేపరు మడత విప్పకుండానే ఉంది. అతను దాన్ని ఒకసారి చూసి గొంతు సవరించుకున్నాడు. “చెప్పు ఇన్నమ్మా. మనసుకు నెమ్మది కలిగిందా?”

స్తుతి తల వంచుకునే ఉంది. అడగవలసిన అవసరం లేదన్నట్టు అప్పటికే లేవబోతోంది.

“కలిగింది,” అంది ఇన్నమ్మ.

సంసోను తనకు సరిగా వినపడలేదనుకుని మళ్ళీ అడిగాడు. కలిగిందయ్యా, సోమవారం అందాలంటే ఆదివారం బస్సెక్కాలి, చర్చి కాకముందే బయలుదేరతాం, బస్సు దాకా నేనే పోతా, అని ఆమె ఒక్క గుక్కలో చెప్పేసింది. పేపరు చూసినవా అని అతను అడిగాడు. చూడలేదంది.

డేవిడ్ లేచి కుర్చీలో కూర్చుని ముందుకు జరిగాడు. ఆయన గొంతులో ఎప్పటి తేనే ఉంది. “తొందరపడకమ్మా. ఆడకూతురు. ఏమన్నయితే పరిగెత్తి వచ్చేటందుకు ఆడ మనకు తెల్సినోళ్ళు ఎవరున్నరు? ఒక్కలన్న ఉన్నరా?”

ఇన్నమ్మ తలెత్తింది. ఇరవై ఒక్క సంవత్సరాల తర్వాత ఆయన కళ్ళలోకి చూసింది.

“లేరు బావగారూ. తెల్సినోళ్ళు ఒక్కలు సుత లేరు. అందుకే పంపుతున్న.”