మంచం కాళ్ల దగ్గర గన్నేరు

చలి ముదరక ముందే పెద్ద కుండీల చెట్లు ఇంట్లోకి చేరాలి. బీజింగులోని మా ఉమ్మడి వాకిట్లో అందరివీ చేరిపోయాయి. చలికాలానికి దాచుకునే క్యాబేజీలు కూడా గోడవారన పేర్చి పాత బొంతలు కప్పేశారు. మా గన్నేరొక్కటే బయట మిగిలింది. మనిషెత్తు చెట్టు, నలుగురు పడితే గానీ కదలని చెక్క తొట్టె. మా ఆయన లువాన్ పెంచాడు. ఆయన పోయి డెబ్బై రోజులైంది.

నూరు రోజులు నిండేదాకా మైలవాళ్లు పరాయి గడప తొక్కకూడదు. అందుకే సాయం అడగడానికి ఎవరింటికీ వెళ్లలేదు. నిజం చెప్పొద్దూ, ఆ నియమం నాకు కలిసొచ్చింది. ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు. ఏడుపు కూడా రావడం లేదు.

ఎదురింటి తోంగ్ అక్క తన గడప మీంచే కేకేసింది.

"గడప తొక్కొద్దన్నారు గానీ నోరు తెరవొద్దన్నారా ఏమిటే? రాత్రికి నీళ్లు గడ్డకడతాయట. చెట్టు చచ్చిందంటే మీ ఆయన కల్లోకొచ్చి నన్ను తిడతాడు!"

"చస్తే చావనీ."

ఆవిడ విసవిసా వచ్చి మా గదిలోకి తొంగిచూసింది. కిటికీ పక్కన ఆయన మంచం, దాని మీద ఆయన దుప్పటి. నేను ముట్టుకోలేదు.

"మంచం బయటికి తీయించేయ్. ఒక్క కొమ్మ నలక్కుండా చెట్టు పట్టేస్తుంది. ఇంకెవరు పడుకుంటారే దానిమీద?"

ఆవిడన్నదాంట్లో తప్పేమీ లేదు. అందుకే ఒళ్లు మండింది.

ఏటా తొట్టెను మంచం కాళ్ల దగ్గరే పెట్టేవాళ్లం. కొమ్మలు మంచం మీదికి వాలేవి. ఆయన నాలుగు నెలలూ కాళ్లు ముడుచుకునే పడుకునేవాడు. మూడు కొమ్మలు, కొమ్మకు మూడేసి చొప్పున తొమ్మిది తలలు. ఇరవై ఏళ్లు పట్టింది ఆయనకు అలా తీర్చిదిద్దడానికి. చలికి ముందు కత్తెర పెట్టనిచ్చేవాడు కాదు, తాడుతో కట్టి లోపలికి తెచ్చేవాడు. వచ్చే ఏటి పూలు ఆ కొసల్లోనే ఉంటాయట.

"మొగుడి కాళ్లకంటే చెట్టు కొమ్మలెక్కువా?" అని దెప్పేదాన్ని.

"కాళ్లు ముడుచుకుంటాయి, కొమ్మలు ముడుచుకోవుగా" అనేవాడు.

కత్తెర తెచ్చి తొమ్మిది తలలూ నరికేశాను. తెల్లటి పాలు వేళ్ల మీదుగా కారాయి. ఏమీ అనిపించలేదు.

"ఓసి నీ దుంపతెగ! వచ్చే ఏడు ఒక్క పువ్వు పూయదే!" అని తోంగ్ అక్క నెత్తి బాదుకుంది.

"మంచం మాత్రం కదలదు" అన్నాను.

ఆవిడ వెళ్లి మగాళ్లను పిలుచుకొచ్చింది. నలుగురూ తొట్టె ఎత్తారు. ఆవిడ మొగుడు ముందువైపు పట్టుకుని, వెనక్కి అడుగులేస్తూ మంచం దాకా వచ్చాడు. ఏటా అనే మాటే అలవాటుగా అనేశాడు.

"లువాన్ అన్నా, కాళ్లు తియ్యి!"

అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

"నీ నోరు పడిపోను" అంది తోంగ్ అక్క మెల్లగా.

తొట్టె దించారు. మోడు కొమ్మల్లో ఒక్కటీ దుప్పటిని తాకలేదు.

"తియ్యక్కర్లేదు. ఈ ఏడు చాపుకునే పడుకోనీ" అన్నాను.

అప్పుడొచ్చింది ఏడుపు. చేతులనిండా గన్నేరు పాలు, కళ్లు తుడుచుకోడానికి లేదు. తోంగ్ అక్కే తన చొక్కా చేత్తో నా మొహం తుడిచింది.