ములాఖత్ కిటికీ కింది స్టూలు

నేను ఒక స్టూలును. పుట్టింది జైల్లో, ఉంటున్నదీ జైల్లోనే. నేరం మాత్రం ఏమీ చేయలేదు. నాతో పాటు అదే వర్క్‌షాపులో పుట్టిన కుర్చీలు పాలిష్ పూయించుకుని ప్రభుత్వ ఆఫీసులకు పోయాయి. వాటిలో కూర్చున్న పెద్దమనుషులు వాటిని ఎవరు చేశారని ఎన్నడూ అడిగి ఉండరు. నేను మిగిలిపోయిన వేపచెక్క ముక్కలతో తయారయ్యాను. అయినా నాకు దొరికిన ఉద్యోగం వాటికి దొరకలేదు.

ములాఖత్ గదిలో ఖైదీలకూ, చూడవచ్చినవాళ్ళకూ మధ్య ఇనుప జాలీ కిటికీ ఉంటుంది. పిల్లలు కూడా వస్తారన్న సంగతి ఆ గది కట్టినవాళ్ళకు తట్టినట్టు లేదు, కిటికీని పెద్దవాళ్ళ ఎత్తులో పెట్టారు. పిల్లల్ని ఎత్తుకుని చూపించాల్సిందే. చేతులు నొప్పిపుట్టి దించేస్తే, లోపలున్న తండ్రికి వాళ్ళ గొంతు మాత్రమే మిగిలేది. చివరికి జైలరు గారు ఒక స్టూలు చేయమన్నారు. నేను చేస్తానని ముందుకొచ్చినవాడు ఓదెలు.

ఓదెలు తాగిన మైకంలో, ఒక కొట్లాటలో మనిషి ప్రాణం తీసి లోపలికొచ్చాడు. ఉలి పట్టడం ఇక్కడే నేర్చాడు. బయట అతనికి ఉన్నది తల్లి రాజవ్వ, తల్లి లేని కూతురు మనీష. రాజవ్వ మనవరాలికి "మీ బాపు దుబాయి పోయిండు" అని చెప్పింది. ఊళ్ళో చాలా ఇళ్ళ తండ్రులు అక్కడే ఉంటారు కాబట్టి ఆ అబద్ధం హాయిగా నడిచింది. తీరా ఒకరోజు బడిలో పిల్లలు అసలు సంగతి చెప్పేశారు. మనీష ఏడవలేదట, తిండీ మానలేదట. బాపు దగ్గరికి తీసుకుపొమ్మని మాత్రం పట్టుబట్టిందట. ఆ కబురు విన్నప్పటి నుంచి ఓదెలుకు ఒకటే భయం, పిల్ల తన ముఖం చూస్తుందా, తిప్పుకుంటుందా అని.

ఆ భయమంతా నా మీద చూపించాడు. పిల్ల అరికాలికి ఏం గుచ్చుకుంటుందోనని గరుకు కాగితంతో రుద్దీ రుద్దీ నన్ను సగం చేశాడు. ఎత్తెంత పెట్టాలని మేస్త్రీ అడిగితే తన నడుం దగ్గర చెయ్యి పెట్టి, "నా బిడ్డ గింతుంటది" అన్నాడు. మేస్త్రీ టేపు పెట్టి, లెక్క కట్టి నా కాళ్ళు కోయించాడు. మనుషులు టేపును నమ్మినంతగా దేన్నీ నమ్మరు. ఓదెలు చెయ్యి చూపించింది, పోలీసులు తనను తీసుకుపోయిన రోజు గుమ్మంలో నిలబడ్డ పిల్లను.

ములాఖత్ నాడు వార్డరు నన్ను కిటికీ కింద పెట్టాడు. జాలీకి అవతల ఓదెలు చొక్కా సర్దుకుంటూ నిలబడ్డాడు. "ఎక్కు బిడ్డా" అంది రాజవ్వ. మనీష చెప్పులు విడిచి నా మీదికి ఎక్కింది. నాకు భలే గర్వమనిపించింది గానీ అది ఎంతోసేపు నిలవలేదు. పిల్ల తల కిటికీ దాటి పైన గోడకు ఎదురుగా పోయింది. ఓదెలుకు కనిపిస్తున్నది గౌను నడుం మాత్రమే. కూతురు ముఖం దాచుకుందనుకున్నాడేమో, జాలీకి దగ్గరగా వచ్చి బతిమాలాడు.

"ఒక్కసారి నన్ను చూడు బిడ్డా."

"ఎట్ల చూడాలె? గోడ అడ్డమున్నది" అని మనీష నా మీంచి దిగింది.

దిగగానే ఆమె ముఖం సరిగ్గా జాలీకి ఎదురుగా వచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు కొత్తవాళ్ళలా చూసుకున్నారు.

"గింత పెద్దగైనవా!"

"మరి గట్లనే ఉంటనా?"

ఓదెలు సిగ్గుపడ్డాడు. "గా స్టూలు నీ కోసమే చేసిన. కొలత తప్పింది. అచ్చే ములాఖత్ వరకు పొట్టిగ కోస్త."

మనీష నన్నోసారి చూసింది. కోయించుకోవడానికి నేను సిద్ధపడిపోయాను.

"వద్దు బాపు, చిన్నపిల్లలకు ఉండనియ్యి. నువ్వు ఇంటికచ్చినంక నాకు మంచం చెయ్యి. ఇప్పుడున్నదాంట్ల కాళ్ళు ముడుసుకొని పంటున్న."

నేనైతే ఆ 'ఇంటికచ్చినంక' దగ్గరే ఆగిపోయాను. ఓదెలు జాలీ పట్టుకుని ఏడ్చాడు. ఏడుస్తూనే, పనివాడు కదా, అడగాల్సిందే అడిగాడు.

"చేస్త బిడ్డా. ఎంత పొడుగు పెట్టాలె?"

"గిప్పుడే ఎట్ల చెప్త? నేనింక పెరుగుత గద. అచ్చి నువ్వే కొలుసుకో."