పలకని పట్టు

పెనుకొండ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే నాకు, తెలియని మాట ఎదురైతే ఒళ్లు మండుతుంది. ఆదివారం మధ్యాహ్నం ధర్మవరంలో మా ఇంట్లో ఒక పాత ఇంగ్లీషు దెయ్యం కథ చదువుతుంటే అలాంటిదే తగిలింది: స్క్రూప్. నిఘంటువు తీశాను. తలుపు కిర్రుమనడం ఒక అర్థం. పట్టు మీద పట్టు ఒరుసుకున్నప్పుడు వచ్చే చప్పుడు ఇంకొకటి. కథలో చనిపోయిన ఇల్లాలు ఎక్కడా కనబడదు. వసారాలో స్క్రూప్ వినబడుతుంది, భర్త తల ఎత్తుతాడు, అంతే. ఒక్క మాటతో మనిషిని నడిపించాడే అని రచయితను మెచ్చుకున్నాను.

దీనికి మన మాట ఏమిటో నాయనకే తెలియాలి. నలభై ఏళ్లు మగ్గం నేసి చూపు పోగొట్టుకున్న మనిషి. నులక మంచం మీద పడుకుని ఉన్నాడు.

“నాయనా, పట్టుచీర చేసే సద్దును మీరేమంటారు?”

“ఏమంటాం పవిత్రా, పట్టు పలుకుతాది అంటాం. పలకకుంటే అది పట్టే కాదు. మీ అమ్మ పెండ్లిచీర ఎట్లా పలికేది! నా చేత్తో నేసింది.”

ఆ మాట రాసుకుంటున్న నా పెన్ను ఆగిపోయింది. అమ్మ ఆరు నెలల కిందట పోయింది. ఆ చీరతోనే పూడ్చిపెట్టమని కోరి మరీ పోయింది. నేనేమో హిందూపురంలో అదే రంగు ఆర్ట్ సిల్కు చీర, ఉత్త నకిలీ పట్టు, కొనుక్కొచ్చి అమ్మకు కట్టాను. మట్టిలో కలిసేదానికి అంత జరీ ఎందుకని, సిగ్గు లేకుండా అనుకున్నాను. అసలు చీర నా బీరువాలో ఉంది. ఈ సంగతి తెలిస్తే నాయన జన్మలో నన్ను క్షమించడు.

“ఒకటి చెప్తా, నవ్వాకు,” అన్నాడు నాయన. “మీ అమ్మ దినామూ ఈ పొద్దుకే వస్తాది.”

“కలేమో నాయనా.”

“కల కాదు. ఈడే, నా కాళ్లకాడ కూర్చుంటాది. ఆ చీరతోనే గదా పంపిచ్చినాం. అయినా రవ్వంత సద్దుండదు. నేసినోన్ని, నాకు తెలీదా?”

దొంగకు తేలు కుట్టినట్టయింది నాకు. భయం ఒకవైపు, ఏడుపు ఒకవైపు. చెప్పేద్దామని నోరు తెరిచాను.

అంతలో మంచం నులక, కాళ్ల వైపున, మెల్లగా కిందికి కుంగింది. నాయన కాళ్లు ముడుచుకుని చోటిచ్చాడు.

“నిన్న అడగనే అడిగినా, ‘ఏమే, చీర యాడ పెట్టినావే?’ అని.”

“ఏమనింది?”

“‘పవిత్రనడుగు’ అనింది. చెప్పు పాపా, వింటాండాది.”