చేయించని స్కానింగ్

"అందులో ఏదైనా ఉందని రాస్తే ఏం చేస్తామే? ఉండీ వాళ్ళకి కనపడకపోతే ఏం చేస్తామే?" అంది లలితాంబ కూతురితో. ఉమాశ్రీ రొమ్ముకి తీసిన ఎక్స్‌రే, ఆ మామోగ్రామ్ రిపోర్టు ఇంకా కవరులోనే ఉంది.

కొవ్వూరు హైస్కూల్లో లెక్కల మాస్టారైన అల్లుడు భాస్కరం నవ్వాడు. "మీకు జలుబు చేసినా టీబీయే కదండీ అత్తయ్యగారూ!" అంటూ కవరు చింపాడు. గడ్డ ఏదీ కనిపించలేదన్నది మొదటి వాక్యం. రొమ్ములో కణజాలం చాలా దట్టంగా ఉంది, అల్ట్రాసౌండ్ స్కానింగ్ కూడా చేయించాలి అన్నది రెండోది.

"దట్టమంటే గట్టిదనేగా! అమ్మాయిని బాగానే మేపారు" అన్నాడు అత్తగారితో.

ఉమాశ్రీ తల వంచుకుంది. ఐదో తరగతి చదివిన లలితాంబకి మాత్రం ఆ రెండో వాక్యం ముల్లులా దిగింది.

"ఆ స్కానింగేదో తీయించెయ్యండి బాబూ."

"రాజమండ్రిలో ఆ మిషను దగ్గరుండేది నా శిష్యుడండీ. నాకు నమస్కారం పెట్టేవాడి ముందు మా ఆవిడ జాకెట్టు విప్పాలా?"

"పోనీ, కాకినాడ?"

"అక్కడ మాత్రం మనవాళ్ళు లేరా ఏంటి? శుభం పలకడం మీకు చేతకాదండీ."

వందమంది పిల్లలకి లెక్కలు నేర్పిన మనిషి, తన భార్య ప్రాణం దగ్గర ఒక వాక్యాన్ని వదిలేశాడు. చదువుకున్న ఇళ్ళలోనే ఇలా జరుగుతోంది.

లలితాంబ అడిగినప్పుడల్లా, "మీ నోటివాక్కే దానికి తగిలేట్టుంది" అన్నాడు భాస్కరం. చివరికి ఆ తల్లి తన నోటికే భయపడి అడగడం మానేసింది. పదిహేను నెలలకి ఉమాశ్రీ చంకలో బిళ్ళ కట్టింది.

విశాఖపట్నంలో క్యాన్సర్ డాక్టర్ దేవకుమారి పాత మామోగ్రామ్ ఫిల్మును లైటు మీద పెట్టింది. "చూడండి, అంతా తెలుపే. దట్టమైన రొమ్ము తెల్లగా పడుతుంది, గడ్డా తెల్లగానే పడుతుంది. పాలల్లో సున్నం వెతికినట్టే. పైగా ఇంత దట్టంగా ఉన్నవాళ్ళకి క్యాన్సర్ వచ్చే ప్రమాదమూ ఎక్కువ. అందుకే స్కానింగ్ రాశారు. ఇప్పుడా క్యాన్సర్ లివరుదాకా పాకింది. ఎందుకు చేయించలేదు?"

భాస్కరం గోడకేసి చూశాడు. లలితాంబ నోరు తెరవబోయి, తన వాక్కుకి జడిసి మూసుకుంది.

ఉమాశ్రీ పైట సర్దుకుని తలెత్తింది.

"సిగ్గు ఈయనదండీ, రొమ్ము నాది. డాక్టరు రాసిన పరీక్షని ఇంట్లోవాళ్ళ పరువు కోసం ఏ ఆడదీ ఆపుకోకూడదని, నేనున్నన్నాళ్ళూ మా చెల్లికీ, మా వీధిలో వాళ్ళకీ నేనే చెబుతాను."