కడగని చక్రాలు

ట్రాక్టరు చక్రాల సందుల్లో మట్టి గీకి గీకి ఆమె గోళ్లు అరిగిపోయాయి. మొగుడి పొలానికి సోయా వేళ్లు తినే నులిపురుగు పట్టింది. చెప్పులకీ చక్రాలకీ అంటిన మట్టితో పాటే పక్క చేలోకి పోయే రకం. ఆ పక్క చేను ఆమెది, తల్లి రాసిచ్చింది. రెండూ దున్నేది ఒకటే ట్రాక్టరు. అందుకని కడుగుతోంది గానీ, బురదలో చేతులు పెట్టడం ఆమెకేమన్నా సరదానా? "మా కోడలు ట్రాక్టరుకి స్నానం చేయిస్తుంది" అని అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేది.

సోయా మొక్కలు పసుపుపచ్చబడి గిడసబారినప్పుడు ఆ మొగుడు మహానుభావుడు ఒకటి పుటుక్కున పీకి, వేళ్లు చూసి, ఏమీ లేదు పొమ్మన్నాడు. ఎరువు బస్తాలకి బస్తాలు కుమ్మరించాడు. అలా పీకితే పురుగు తిత్తులు మట్టిలోనే రాలిపోతాయి, ఇంకేం కనబడుతుంది? ఆమె పారతో తవ్వి, వేళ్లని బకెట్లో మెల్లగా జాడించి చూపించింది. ఆవగింజ కన్నా చిన్న తెల్లటి పూసలు. ఎవరూ తల తిప్పలేదు. వ్యవసాయాధికారి వచ్చి అవే చూపిస్తే మాత్రం మొగుడు బుద్ధిగా విన్నాడు.

అవి ఆడపురుగులట. వేరుకి అతుక్కుని, ఒళ్లంతా గుడ్లు నింపుకుని అక్కడే చచ్చిపోతాయట. చచ్చాక ఆ చర్మమే గట్టిపడి, ఏళ్ల తరబడి గుడ్లని కాస్తుందట.

"చచ్చాక కూడా పిల్లల్ని చూసుకుంటోంది. ఆడదంటే అలా ఉండాలి" అన్నాడు మొగుడు, టీ కప్పులు పట్టుకొచ్చిన ఆమె వైపు చూస్తూ. మరిది పడీపడీ నవ్వాడు. ఆ నవ్విన నోళ్లు తాగిన కప్పులు కూడా ఆమే తోమాలి. ఛీ అనిపించింది.

కొన్నేళ్లు సోయా మానేసి, ఈ పురుగు ముట్టని మొక్కజొన్న వేయమని అధికారి మరీమరీ చెప్పి వెళ్లాడు. మొగుడు వింటేగా. తన పొలం పాడైంది కాబట్టి ఈసారి సోయా ఆమె చేలో వేస్తానని అన్నం తింటూ చెప్పేశాడు. అడగలేదు, చెప్పాడు. ఆమె మజ్జిగ వడ్డించింది. మర్నాడు మరిది పెళ్లిచూపులకని ఇంటిల్లిపాదీ వెళ్లారు. ఆమె తలనొప్పని ఉండిపోయి, శుభ్రంగా కడిగిన అద్దె ట్రాక్టరు పిలిపించి, చేనంతా మొక్కజొన్న విత్తించింది.

ఆ మర్నాడు పొద్దున్నే అతను బురద చక్రాలతో వచ్చి ఆమె చేను గేటు ముందు హారన్ కొట్టాడు. గేటుకి కొత్త తాళం వేలాడుతోంది. ఆమె లోపల గట్టు మీద నిలబడి ఉంది.

"చక్రాలు కడగలేదేమే?"

"ఇన్నాళ్లూ మీరు లోపలికొచ్చేవారు కాబట్టి కడిగాను" అందామె. "ఇక రారుగా."